ఆలస్యానికి కారణం

పోలీసులకు ఎప్పుడు ఫోన్ చేయాలో తెలియక నేను ఊరుకోలేదు. తెలిసే ఊరుకున్నాను. ఈ మాట మొదటే చెప్పేస్తే, చదివేవాళ్ళకు నా మీద జాలిపడే శ్రమ తప్పుతుంది.

చిత్తూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళుగా అర్థశాస్త్రం చెబుతున్నాను. ఏటా కొత్త పిల్లలు చేరగానే ఆడపిల్లల భద్రత గురించి ఒక గంట మాట్లాడాలి. ఆ గంట ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. నాకు గొంతు పెద్దదని ప్రిన్సిపాల్ అంటాడు. నోరు పెద్దదని స్టాఫ్‌రూములో అంటారు. రెండూ నిజమే.

ఆ గంటలో ఏం చెబుతానో నాకు కంఠతా వచ్చు. ఏదైనా జరిగితే మొదటి ఫోన్ అమ్మకు కాదు, నాయనకు కాదు, ఆ మూడంకెల నంబరుకు. ఏడుపు తర్వాత. ఎక్కడున్నారు, ఏం జరిగింది, వాళ్ళు ఎటు పోయారు, ఇంతే చెప్పండి. బండి నంబరు పూర్తిగా గుర్తులేకపోతే గుర్తున్నంత చెప్పండి. వాళ్ళు వదిలిపోయిన వస్తువు ఉంటే ముట్టుకోకండి. తర్వాత స్టేషనుకు వెళ్ళి కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా చెప్పి రాకండి. ఇది మా పరిధి కాదు, పక్క స్టేషనుకు పొమ్మంటే కదలకండి, ఏ స్టేషనైనా తీసుకోవలసిందే. రశీదు అడగండి. ఇవ్వకపోతే అదే కాగితాన్ని పై అధికారికి పోస్టులో పంపండి. అన్నిటికంటే ముఖ్యం, తెలిసినవాళ్ళ కోసం వెతుకుతూ కూర్చోకండి.

పిల్లలు నోట్సు రాసుకునేవాళ్ళు. ఒక పిల్ల లేచి, "మేడం, చిన్న విషయానికి కూడా చేయొచ్చా?" అని అడిగితే, "చిన్నదా పెద్దదా అని తేల్చే పని నీది కాదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పుడు చెవుల్లో మంట.

ఎందుకంటే నేను రాయబోయేది మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆమె కుడిచేయి గురించి.

ఆమెను మా వీధిలో అందరం టైలరమ్మ అంటాం. నాకంటే పదేళ్ళు చిన్నది. భర్త మామిడి సీజనులో బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో లారీల నుంచి కాయలు దించే పనికి పోతాడు, మిగతా నెలలు ఆమె మిషనే ఇల్లు నడుపుతుంది. ఒక కొలత ఒకసారి తీస్తే మళ్ళీ టేపు పట్టదు. ఆ చేతి మీద ఆమెకు అంత నమ్మకం. నాకు మాత్రం ప్రతి జాకెట్టుకూ ఏదో ఒక వంక కనిపిస్తుంది, ఆమెతో వాదించకుండా ఒక్కటీ తెచ్చుకోలేదు.

ఆ ఏడు మే నెలలో, ఒక మంగళవారం సాయంత్రం, పరీక్షల డ్యూటీ ముగించుకుని బస్సు దిగి నడిచి వస్తున్నాను. ఎండ ఇంకా తగ్గలేదు, వీధిలో కుక్క కూడా లేదు. వెనక నుంచి ఒక బండి వచ్చి పక్కన ఆగింది. ఇద్దరు కుర్రవాళ్ళు, నా దగ్గర చదివే వయసే. వెనక కూర్చున్నవాడి చేతిలో పెండ్లి పత్రిక.

"అక్కా, ఈ అడ్రసు యాడొస్తాది రవంత సెప్పక్కా. పొద్దున్నించి తిరగతా ఉండాం."

పెండ్లి పత్రిక పట్టుకున్నవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? నాలుగు మూలలా పసుపు, పైన దేవుడి బొమ్మ. పత్రిక చేతిలోకి తీసుకున్నాను. కళ్ళజోడు బ్యాగులోంచి తీసి పెట్టుకున్నాను. చిన్న అక్షరాలు కనబడక తల వంచాను. వాడికి కావలసింది సరిగ్గా ఆ వంగిన మెడే. వెనక చురుక్కుమంది. తలెత్తేసరికి బండి పది గజాలు పోయింది. నంబరులో చివరి రెండంకెలు కనబడ్డాయి, వెనక మడ్‌గార్డు మీద ఎర్ర స్టిక్కరు కనబడింది. బంగారు గొలుసు గనుక పుటుక్కున తెగింది. నాకు మెడ మీద ఒక గీత మాత్రం మిగిలింది, చేతిలో పెండ్లి పత్రిక మిగిలింది.

ఫోన్ తీశాను. మా ఆయనకు చేశాను.

ఇంట్లో అడుగు పెట్టగానే మా అత్త మొదట చూసింది నా మెడ. నేను నోరు తెరిచేలోపే చేయి అడ్డం పెట్టింది.

"ఆ మాట నోట్లోంచి రానీకు. పెరిగిండాది అను."

మా పక్క తాళి తెగింది అనరు, పెరిగింది అంటారు. అది నాకు తెలుసు. ఎవడో లాక్కునిపోయినా అదే మాట అనాలని మాత్రం ఆ రోజే తెలిసింది.

"పెరగలేదత్తా, పెరుక్కొని పోయినారు. స్టేషనుకు పోయి చెప్పొస్తాను."

"ఈ మెడతోనా? బోడి మెడతో టేసన్ గడప తొక్కుతావా? వాడు ఆడ కూసోని, ఏం పోయిందమ్మా అంటాడు. నువ్వు నోరారా ఆ మాట సెప్తావు. పదిమంది వింటారు. నా కొడుక్కు మంచిదా అది?"

ఇంకొకప్పుడైతే ఆమెను మాటలతో చీల్చి ఆరేసేదాన్ని. అంతకుముందు ఏడాదే మా ఆయనకు వేలూరులో గుండెకు స్టెంటు వేశారు. మా అత్తకు తన కథ ఒకటి ఉంది. ఆమె తాళితాడు బావిలో చేదతో నీళ్ళు తోడుతుంటే తెగిందట. నెల తిరక్కుండా మామ పోయాడట. పెండ్లయిన నాటి నుంచి ఆ కథ వింటున్నాను, విన్నప్పుడల్లా మనసులో నవ్వుకున్నాను. ఆ రోజు మా ఆయన పసుపు కొమ్ముకు దారం చుట్టి నా మెడలో కడుతూ రెండుసార్లు ముడి తప్పి మళ్ళీ వేశాడు. ఆ చేతులను చూశాక నవ్వు రాలేదు. భయమేసింది. మా అత్త భయపెట్టిందని చెప్పుకోవడం తేలిక. నిజానికి ఆమె భయం నాలో ముందే కాపురముంది, ఆ సాయంత్రం తలుపు తీసుకుని బయటికి వచ్చిందంతే.

శుక్రవారం పొద్దున మంచి గడియ ఉందని, అప్పుడు కొత్తది కట్టాలని అయ్యవారు చెప్పాడు. అప్పటిదాకా ఎవరికీ చెప్పకూడదని మా అత్త తీర్మానం చేసింది. అయ్యవారు ఆ మాట అనలేదు. అది మా ఇంటి చేర్పు.

ఇక పత్రిక. వాళ్ళ వేలిముద్రలున్న ఒకే ఒక్క వస్తువు. క్లాసులో నేను ముట్టుకోకండి అని గొంతు చించుకునే వస్తువు. బల్ల మీద పెట్టాను. మా అత్త దానిని ఇంట్లో ఉంచనంది, పీడ పట్టిన కాగితమంది. అట్లాగని చెత్తబుట్టలోనూ వేయనివ్వలేదు, దేవుడి బొమ్మ ఉంది, పసుపుంది. పూజలో వాడిపోయిన పూలతో పాటు బకెట్టు నీళ్ళలో వేసి మందారం చెట్టు మొదట్లో కుమ్మరించింది. తెల్లారేసరికి ముద్దయింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ ముద్దలో రెండు చీమలు తిరుగుతున్న సంగతి కూడా గుర్తుంది.

బుధవారం మా ఆయన తన వంతు చేశాడు. ఆయనకు తెలిసినాయన ఒకడున్నాడు. ఆ తెలిసినాయనకు స్టేషనులో తెలిసినాయన ఒకడున్నాడు. చిత్తూరులో ఏ ఆఫీసు గుమ్మం తొక్కాలన్నా ఇట్లా ఒక గొలుసు కావాలి. సాయంత్రం ఆ తెలిసినాయన ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టి ఉంది గనుక నేనూ విన్నాను.

"అన్నా, తొందరపడి కాగితం ఇయ్యొద్దు. జాతర బందోబస్తులో ఉండారు అందరూ. కాగితం ఇస్తే ఇంగ కోర్టు, సాక్షి, అదొక తలనొప్పి. నేను నోటిమాటగా చెప్పి పెడతా. మనోళ్ళే."

"మనోళ్ళయితే మనం చెప్పకముందే పట్టుకోవాల కదా" అన్నాను ఫోన్లోకి.

"వదిన కోపంలో ఉండాది" అని ఆయన నవ్వాడు. మా ఆయన స్పీకరు తీసేశాడు.

గురువారం సాయంత్రం టైలరమ్మ దగ్గరికి వెళ్ళాను. మరునాటికి జాకెట్టు కావాలి. ఇంటి నుంచి బయలుదేరుతుంటే మా అత్త నా కొంగు మెడ చుట్టూ తిప్పి, పసుపు తాడు కనబడకుండా దోపింది. టైలరమ్మ మిషను మీద వంగి ఉంది. ముహూర్తాల రోజులు కదా, చుట్టూ పట్టుగుడ్డల ముక్కలు.

"ఏంటికక్కా ఈ ఎండలో కొంగు అట్ల సుట్టుకున్నావు? జొరమా?"

"జలుబు" అన్నాను.

"జలుబుకు మెడకు కప్పుకుంటారా ఎవురన్నా?"

"గొంతు నొప్పి కూడా. నువ్వు డాక్టరువా, టైలరువా?"

నవ్వింది. జాకెట్టు ఇచ్చింది. చేతులు అంగుళం పొట్టిగా అనిపించాయి. నాకు మాట మార్చే అవసరమూ ఉంది. మొదలుపెట్టాను. పొడుగు చేతులు కావాలంటే ఇంత గుడ్డ చాలదని ఆమె, చాలనప్పుడు ముందే చెప్పాలి కదా అని నేను. అరగంట. మధ్యలో ఆమె లేచి బయట ఆరేసిన లైనింగు గుడ్డ తెచ్చుకోవడానికి వీధిలోకి వెళ్ళింది. వట్టి వీధి, సాయంత్రపు ఎండ, ఆమె మెడలో పసుపు తాడుకు రెండు చిన్న తాళిబొట్లు. పెండ్లి పత్రిక పట్టుకుని ఎవరైనా బండి ఆపితే దగ్గరికి పోవద్దు. ఈ ఒక్క వాక్యం. కాలేజీలో గంటసేపు ఆపకుండా చెప్పగలను. ఆ వీధిలో ఒక్క వాక్యం చెప్పలేదు. చెబితే, నీకెట్ల తెలుసక్కా అంటుంది. అంటే నా మెడ చూపించాలి.

జాకెట్టు తీసుకుని వచ్చేశాను.

శుక్రవారం కొత్త తాళి కట్టించుకుని, చక్కెర పొంగలి ఆకులో వడ్డించుకుని కూర్చున్నాం. పదిగంటలు దాటి ఉంటుంది. వీధిలో కేక వినబడింది. ఒక్కటే కేక, తర్వాత రోడ్డు మీద ఏదో ఈడ్చుకుపోతున్న చప్పుడు. అదేమిటో బయటికి పరిగెత్తేలోపే నాకు తెలిసిపోయింది.

టైలరమ్మ మెడలో ఉన్నది గొలుసు కాదు. ఏడాదికొకసారి కొత్తగా పేనించుకునే పసుపు తాడు. నాలుగు పోగుల నూలు. అది పుటుక్కున తెగదు. వాడు లాగాడు, బండివాడు వేగం పెంచాడు, తాడు తెగలేదు, ఆమె బండి వెంట పోయింది. ఎక్కడో వాడే వదిలేశాడు. తాడు ఆమె మెడలోనే ఉంది, రెండు బొట్లూ ఉన్నాయి. కుడి భుజం మాత్రం ఉండవలసిన చోట లేదు. ఆమె పక్కన రోడ్డు మీద పెండ్లి పత్రిక. అదే దేవుడి బొమ్మ. అవే పేర్లు.

ఎవరో దాన్ని తీయబోయారు. "ముట్టుకోవద్దు" అని అరిచాను. ఫోన్ తీసి ఆ మూడంకెలు నొక్కాను. ఎక్కడున్నాం, ఏం జరిగింది, ఎటు పోయారు, అంతా సక్రమంగా చెప్పాను. క్లాసులో చెప్పినట్టే. పావుగంటలోపే జీపు వచ్చింది. పోలీసులు రారు, వచ్చినా ఆలస్యంగా వస్తారు అని నేను ఎన్నిసార్లు ఎందరితో వాదించి ఉంటానో. వాళ్ళు వచ్చారు. ఆలస్యం ఎవరిదో ఆ పావుగంట నాకు చూపించింది.

టైలరమ్మను మొదట ఊళ్ళోనే ఆసుపత్రికి తీసుకుపోయారు, భుజం చూసి తిరుపతికి తీసుకుపొమ్మన్నారు. మధ్యాహ్నం నేను స్టేషనుకు బయలుదేరాను. మా ఆయన వెంట వచ్చాడు. మా అత్త గుమ్మంలో నిలబడి, "గొలుసని రాయించు, ఆ పేరు రాయొద్దు" అంది. చెప్పులు వేసుకుంటుంటే మళ్ళీ అంది.

"పోయిన వారమే రెండో వీధిలో ఒకామెకు ఇట్లనే అయింది అంట. గుళ్ళో అనుకుంటా ఉండ్రి. ఆమె కూడా ఎవురికీ సెప్పలేదు."

"నీకు తెలుసునా?"

"సెప్పుకునే మాటనా అది?"

రెండో వీధి ఆమె మీద ఒళ్ళు మండిపోయింది. చెప్పి ఉంటే నేను ఆ పత్రిక చేతిలోకి తీసుకునేదాన్ని కాదు కదా అనుకున్నాను. నాలుగడుగులు వేశాక, ఎవరిని తిట్టుకుంటున్నానో అర్థమైంది.

స్టేషనులో రాతపని చూసే కానిస్టేబుల్ను రైటర్ అంటారు. యాభై దాటినవాడు, కళ్ళజోడు ముక్కు చివర. ఎస్సై బందోబస్తుకు పోయాడని, రేపు రమ్మని మొదటే అన్నాడు. రేపు రాను, ఇప్పుడే తీసుకుని రశీదు ఇవ్వమన్నాను. గొలుసు కొన్న బిల్లు అడిగాడు. పెండ్లినాటిది, బిల్లు లేదు, పెండ్లి ఫొటో ఉందన్నాను. ఆధార్ జిరాక్సు అడిగాడు. ఇచ్చాను. ఏమేం పోయిందో గుర్తులతో చెప్పమన్నాడు.

"తాళి. రెండు పేటల గొలుసు, రెండు బొట్లు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. అత్తింటి బొట్టు అంచు కొంచెం వంగి ఉంటుంది" అన్నాను. మా ఆయన గోడ వైపు చూశాడు.

"ఎప్పుడు జరిగిందమ్మా?"

మా ఆయన నా పక్కకు వంగాడు. "ఏమే, ఈ పొద్దే అని చెప్పు" అన్నాడు మెల్లగా. "మనకు తెలిసినాయన ఫోన్ చేసినాడు. ఆలస్యమని రాస్తే వీళ్ళకూ ఇబ్బంది, మనకూ ఇబ్బంది అన్నాడు. ఈ పొద్దే పోయిందని రాయిస్తే రెండూ ఒకే కేసైపోతాయంట."

ఆయన గొంతులో మోసం లేదు, అలసట ఉంది. ఇంకొక సంగతి కూడా ఉంది, అది ఇద్దరికీ తెలుసు. ఈ రోజే జరిగిందని రాస్తే టైలరమ్మకు ఎప్పటికీ తెలియదు. ఇద్దరమూ ఒకే రోజు, ఒకే దొంగల చేతిలో పడ్డ ఇద్దరు ఆడవాళ్ళమవుతాం. ఆమె చెయ్యి బాగయ్యాక నా జాకెట్లు కుడుతుంది, నేను వంకలు పెడతాను. మంగళవారమని రాస్తే, ఆ కాగితం ఎప్పుడో ఒకప్పుడు కోర్టులో చదువుతారు. బుధవారం, గురువారం నేనేం చేస్తున్నానో ఆమె లెక్క వేసుకుంటుంది. గురువారం సాయంత్రం నేనెక్కడున్నానో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"మంగళవారం సాయంత్రం" అన్నాను.

రైటర్ కలం ఆపి తలెత్తాడు.

"మంగళారమా? మూడు దినాలు ఏం చేస్తా ఉండారమ్మా? ఆ పొద్దే మూడంకెలు నొక్కింటే హైవే మీద ఆపుంటిమి కదా. మెడికల్ షాపు కెమెరాలో బండి పడుంటాది. దాంట్లో రెండు దినాలకు మించి నిలవదు. సదువుకున్నోళ్ళు మీరు. మీరే ఇట్ల చేస్తే ఇంగెవురికి చెప్పేది?"

పోలీసులతో ఎన్నోసార్లు తగువులాడాను. రేషను షాపు దగ్గర, ఊరేగింపు మైకుల దగ్గర, కాలేజీ గేటు దగ్గర. ప్రతిసారీ చివరి మాట నాదే. ఈసారి అతని మాటలో తప్పు పట్టడానికి నాకు ఒక్క అక్షరం దొరకలేదు.

ఫారంలో ఒక గడి ఉంటుంది, ఫిర్యాదు ఆలస్యంగా ఇవ్వడానికి కారణమేమిటని. అతను ఆ గడి మీద కలం పెట్టి, "ఒంట్లో బాగలేదని రాస్తా. అందరూ అదే రాపిస్తారు" అన్నాడు.

"బాగానే ఉండాను."

"మరేం రాయాలమ్మా?"

మా అత్త భయమని రాయించవచ్చు, ఎనభై ఏళ్ళ మనిషి మీదికి తోసెయ్యవచ్చు. అయ్యవారి ముహూర్తం అనవచ్చు. మా ఆయనకు తెలిసినాయన అనవచ్చు. అన్నీ నిజాలే, ఒక్కటీ కారణం కాదు.

"చెప్పకూడదని నేనే అనుకున్నాను. అది రాయండి."

"అది కారణం కాదమ్మా."

"అదే కారణం."

కళ్ళజోడు పైకి తోసుకుని, రాశాడు. కింద సంతకం చేశాను. రశీదు అడిగి తీసుకున్నాను. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటుంటే, గెలిచిన తగువు ఇట్లా ఉంటుందా అనిపించింది. మా ఆయన ఇంటిదాకా నాకు నాలుగడుగులు ముందే నడిచాడు. వచ్చాక మందుబిళ్ళ వేసుకుని పడుకున్నాడు. మా అత్త రెండు రోజులు నా చేతి అన్నం తినలేదు.

ఆదివారం తిరుపతి బస్సెక్కాను. ఆ విషయం కోర్టులోనో వీధిలోనో ఆమె చెవిన పడకముందే నేను చెప్పాలి. బస్సు నిండా మామిడిపండ్ల వాసన. సీట్ల మధ్య ఎవరివో బుట్టలు. పాకాల దాటేదాకా మాటలు కూర్చుకున్నాను. ఎట్లా మొదలుపెట్టినా రెండో వాక్యానికే నన్ను నేను వెనకేసుకొస్తున్నాను. చంద్రగిరి దగ్గర మానేశాను.

ఎముకల ఆసుపత్రిలో రెండో అంతస్తు. భుజానికి ఆపరేషను అయింది. భుజం నుంచి మోచేతి దాకా కట్టు ఉంది. ఎముక అతుకుతుందట, నరం సంగతి చెప్పలేమన్నారట. దుప్పటి మీద ఆమె వేళ్ళు కొంచెం వంగి ఉన్నాయి, ఎవరివో వేళ్ళలాగా. భర్త మందుల కోసం కిందికి పోయాడు. చిత్తూరు నుంచి ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చి కుర్చీలో కూర్చుని ఉంది, ఆమె చెప్పేది రాసుకోవడానికి. కాగితాలు సర్దుకుంటోంది.

"జలుబు తగ్గిందా అక్కా?" అంది టైలరమ్మ నన్ను చూడగానే. నిజంగానే అడిగింది.

చెప్పాను. నిలబడే చెప్పాను. మంగళవారం, పత్రిక, బండి, పసుపు కొమ్ము, గురువారం. భయమేసిందని కూడా చెప్పాను, అది చెప్పకుండా ఉండవలసింది. ఆమె కళ్ళు నా మెడ మీదికి వెళ్ళాయి. కొత్త గొలుసు మెరుస్తోంది. దాన్ని కప్పుకోవాలనిపించింది, కప్పుకోలేదు.

ఆ గొలుసునే చూస్తూ అంది. "సేతులు పొట్టిగా కుట్టినానని అరగంట తిట్నావు గదక్కా. అరగంట. ఆ నోటితో ఈ ఒక్క మాట సెప్పుంటే నేను వాణ్ణి గేటు కాడనే నిలబెట్టి ఉందును. నేనేమీ నీ మాదిరి సదువుకున్నదాన్ని కాదు, అడ్రసు సూపిచ్చమంటే పోతి."

"తప్పే" అన్నాను.

"తప్పని నాకూ తెలుసు. ఇంగేమన్నా సెప్పు."

ఆపరేషను గురించి, మందుల గురించి అడగబోయాను. ఆమె తల తిప్పుకుంది.

"మేడం" అంది కానిస్టేబుల్తో. "ఈయమ్మ ఇప్పుడు సెప్పినేది విన్నారు కదా. అది కూడా నా దాంట్లో రాయండి."

కానిస్టేబుల్ ఇబ్బందిగా నా వైపు, ఆమె వైపు చూసింది. "అది ఈమె కేసులో ఉండాదమ్మా. నీ దాంట్లో నీకు జరిగిందే రాయాల. చెప్పకపోవడం నేరం కాదు కదా."

"నాకు జరిగిందే సెప్తా ఉండాను" అంది టైలరమ్మ.

"రాయండి మేడం" అన్నాను నేను. "ఆమె చెప్పినట్టు రాయడం మీ పని. ఏది నేరమో కాదో తర్వాత కోర్టు చూసుకుంటుంది." గొంతు పెరిగింది. పక్క మంచం మనిషి ఇటు తిరిగి చూసింది. చట్టం చెప్పాను, నియమం చెప్పాను, రాయకపోతే పై అధికారికి కాగితం పెడతానన్నాను.

"ఇంగ సాలు అక్కా" అంది టైలరమ్మ. "నా కోసం ఇప్పుడెందుకు తగువు?"

నోరు మూసుకున్నాను. కానిస్టేబుల్ కలం తీసి రాయడం మొదలుపెట్టింది. ఏం రాసిందో నాకు చూపించలేదు, అడిగే హక్కు నాకు లేదు. రాయడం అయ్యాక చదివి వినిపించబోతే టైలరమ్మ అక్కర్లేదన్నట్టు తల ఊపింది. సంతకం చేయాలి. ఆమె పదో తరగతి దాకా చదువుకుంది. కొలతల పుస్తకంలో తన పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటుంది. ఇప్పుడు కుడిచేయి దుప్పటి మీద కదలకుండా ఉంది. కానిస్టేబుల్ లేచి, సంచిలోంచి సిరాడబ్బా తీసి మూత తెరిచింది. ఎడమచేతి బొటనవేలు అన్నది.

దగ్గరగా ఉన్నది నేనే. ఆ చేయి పట్టుకుని సిరాలో అద్దడానికి ముందుకు వంగాను. టైలరమ్మ చేయి వెనక్కి తీసుకుంది. నన్ను చూడకుండా, మంచానికి అవతల నిలబడి ఉన్న కానిస్టేబుల్ వైపు, ఒళ్ళంతా నొప్పితో ఒక పక్కకు తిరిగి, ఆ చేయి చాచింది.